టైలర్ ‘రేపు రండి’ అంటే దానికి యాప్ కట్టాలా?

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 29 ఏళ్ళు, మధురవాడలో ఉంటాం, రుషికొండ దగ్గర ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నా. మొన్న మాఘమాసంలో మా చెల్లి పెళ్ళికి, ఆది జాకెట్టు కూడా ఇచ్చి, 9 జాకెట్లు కుట్టడానికిచ్చాం. టైలర్ రేపు, రేపు అని పదిసార్లు తిప్పి, ముహూర్తం ముందురోజు రాత్రి 10 గంటలకి ఇచ్చాడు, అందులో 2 లూజు. అప్పుడే ఈ ఐడియా వచ్చింది. టైలర్లకీ కస్టమర్లకీ కలిపి ఒక యాప్. జాకెట్టు కటింగ్‌లో ఉందా, మిషన్ మీదుందా, హుక్స్ దగ్గరుందా అన్నీ ఫోన్లో కనపడాలి, రేటింగ్ ఇవ్వచ్చు, ఫోటోతోనే కొలతలు తీసుకోవచ్చు. గూగుల్ ఫామ్ పెడితే 62 మంది నింపారు, 54 మంది కచ్చితంగా వాడతాం అన్నారు. ద్వారకానగర్‌లో ఒక డెవలపర్ 4.5 లక్షలు అడిగాడు, సగం అడ్వాన్స్. మావారు ఎఫ్‌డీ తీసేద్దాం అంటున్నారు, మావగారు మాత్రం ముందు నలుగుర్నీ కనుక్కో అంటున్నారు. ఇంకా ఎంతమందిని కనుక్కోవాలి అక్కా, 54 మంది చాలరా?
– మధురవాడ నుంచి ఒక చెల్లి

సమాధానం:

చెల్లీ, జవాబు ముందు చెప్పేస్తా, సోది తర్వాత. అడ్వాన్స్ ఇవ్వకు. ఎఫ్‌డీ జోలికి వెళ్ళకు. ఉద్యోగం మానేస్తా అని మీ మేనేజర్ దగ్గర ఎక్కడైనా నోరు జారి ఉంటే వెంటనే నవ్వేసి జోక్ చేశా అని చెప్పు.

నీ ఐడియా పనికిరాదు అని కాదు నేననేది. పనికొస్తుందో లేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు, ఆ 54 మందికైతే అసలే తెలీదు, ఎందుకంటే నువ్వు వాళ్ళని అడిగింది జరిగిన సంగతి కాదు, ఎప్పుడో జరగబోయే సంగతి. ‘ఇలాంటి యాప్ వస్తే వాడతారా’ అంటే ఎవరైనా ఏమంటారు చెప్పు, వేలితో ఒక్కసారి నొక్కితే పోయేదానికి డబ్బులా ఖర్చా. పైగా ఆ ఫామ్ ఎక్కడెక్కడ పెట్టావో రాయలేదు గానీ నేను ఊహించగలను, ఆఫీసు గ్రూపు, ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపు, మీ పిన్ని కూతుళ్ళ గ్రూపు. వాళ్ళు యాప్ కోసం నింపలేదమ్మా, నీ కోసం నింపారు. ఇంకో 500 మందితో నింపించినా అంతే. మావగారు ‘నలుగుర్నీ కనుక్కో’ అన్నది కరెక్టే, కాకపోతే నువ్వు లెక్క దగ్గర ఆగిపోయావు, ఎంతమందిని అని. ఏం కనుక్కోవాలి అన్నదే అసలు తిప్పలు.

పెళ్ళి భోజనాల దగ్గర పెళ్ళికూతురి తండ్రి గుమ్మంలో నిలబడి ‘భోజనాలు ఎలా ఉన్నాయండీ’ అని అడుగుతాడు చూడు, బాలేదు అన్నవాణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు. మా పెదనాన్న కొడుకు కంచరపాలెంలో క్యాటరింగ్ చేస్తాడు, వాడు ఆ మాటలు చెవిన పెట్టడు, తిన్నగా ఆకులెత్తే చోటికి పోయి నిలబడతాడు, ఏది వదిలేశారు, ఏది ఊడ్చుకు తిన్నారు అని. జనం ఫోటోలు తీసుకునేది లైవ్ కౌంటర్ దగ్గరట, రెండోసారి వడ్డించమనేది మాత్రం ముద్దపప్పు ఆవకాయేనట. మరి నీ ఫామ్ ఏమో గుమ్మం దగ్గర నిలబడ్డ తండ్రి అడిగే ప్రశ్న.

మన దగ్గర ఇంకో తిరకాసు కూడా ఉంది. మొహం మీద కాదు అనడం మనకి రాదు. ‘చూద్దాం’ అంటే కాదు అని. ‘బాగుందమ్మా, మొదలెట్టాక చెప్పు’ అన్నా కాదనే. ‘మా తోడికోడలికి బాగా పనికొస్తుంది’ అంటే నాకు అక్కర్లేదు అని అర్థం. ‘ఇందులో మగ్గం డిజైన్లు కూడా పెట్టు’ అంటే సలహా ఇచ్చేసి తప్పించుకుంటున్నారు అని. నిజంగా కావాల్సిన మనిషి ఇలా మాట్లాడదు, నిన్నే తిరిగి అడుగుతుంది: ఎప్పుడొస్తుంది, ఎంత కట్టాలి, మా టైలరు అందులో ఉంటాడా, ఈ శ్రావణానికి అందుతుందా అని. ఆ 54 మందిలో ఇలా తిరిగి ఫోన్ చేసినవాళ్ళు ఎంతమంది? ఆ నెంబరు నాకు రాయి, 54 వద్దు.

నేనేదో ఒడ్డున కూర్చుని చెప్తున్నా అనుకోకు, నేనూ మునిగినదాన్నే. 2017లో ముగ్గురం కలిసి ఎంవీపీ కాలనీ హాస్టళ్ళ అమ్మాయిల కోసం ఒక యాప్ చేశాం, రాత్రి మెస్‌లో ఏం వండారో ముందే తెలిసిపోతే, నచ్చకపోతే బయట తినేసి రావచ్చు అని. అడిగిన ప్రతి అమ్మాయీ సూపర్ అక్కా అంది. ఏడు నెలలు, ముగ్గురివీ కలిపి 2.8 లక్షలు. చివరికి డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళు 31 మంది, అందులో 9 మంది మా చుట్టాలు. తర్వాత ఒకమ్మాయి చాలా మామూలుగా చెప్పింది, ‘ముందు తినడానికి వెళ్ళినవాళ్ళు గ్రూపులో ప్లేటు ఫోటో పెట్టేస్తారు కదా అక్కా, అది చూసి డిసైడ్ అవుతాం’ అని. ఏడు నెలల్లో ఆ ఒక్క ప్రశ్న మేం అడగలేదు. ఇప్పుడు మీరేం చేస్తున్నారు అని. వాళ్ళ యాప్ వాళ్ళ దగ్గర ఆల్రెడీ ఉంది, పైసా ఖర్చు లేకుండా. నాకు తిక్కరేగింది ఏంటంటే, ఆ ఫోటోలు వాళ్ళ ఫోన్లలో మా ముందే మోగుతూ ఉండేవి.

సరే, నీ సంగతికి వద్దాం. నీ ఉత్తరం చదివాక ఊరికే ఊహించి రాయడం ఎందుకని, అక్కయ్యపాలెంలో నేను కుట్టించుకునే టైలర్ దగ్గరికి ఒక చీర పట్టుకెళ్ళా, ఫాల్ కుట్టి పీకో చెయ్యమని. ఏమీ కొనకుండా కొట్లో కూర్చుంటే ఎవరికైనా ఇబ్బందే, చేతిలో చీరుంటే స్టూలు వేస్తారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళా, ఆ టైంలో రద్దీ ఉండదు. గంటన్నర కూర్చున్నా, కాగితం మీద గీతలు పెట్టుకుంటూ.

రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, కటింగ్ బల్ల కింద మూటలు. ఒక పొడుగు నోట్‌బుక్, ప్రతి లైన్‌కీ చిన్న గుడ్డముక్క పిన్ను కొట్టి ఉంటుంది, పక్కన ఒక నెంబరు, పేర్లు మాత్రం చూడాలి: ‘పచ్చగేటు ఆంటీ’, ‘బ్యాంకు మేడమ్ పెద్దావిడ’, ‘అంబాసిడర్ మేడమ్’. ఈ అంబాసిడర్ మేడమ్ వాళ్ళు ఆ కారు అమ్మేసి పదిహేనేళ్ళయిందట. ఆది జాకెట్టు ఇస్తే దానికీ అదే గుడ్డముక్క కట్టేస్తాడు. గుడ్డ చూస్తే మనిషి గుర్తొస్తుంది, మనిషి గుర్తొస్తే మెడ ఎంత లోతు పెట్టాలో గుర్తొస్తుంది. నీ యాప్‌లో పేరు, మొబైల్ నెంబరు, ఆర్డర్ ఐడీ అని మూడు గడులు ఉండుంటాయి కదా. ఆయన బుర్రలో ఆ మూడూ లేవు, గుడ్డముక్క ఉంది.

గంటన్నరలో 11 ఫోన్లొచ్చాయి. ‘అయిందా’ అని అడిగినవి 3. లైనింగ్ షేడ్ కుదరలేదు ఏం చెయ్యమంటారు అని వీళ్ళ కుర్రాడు బజారు నుంచి చేసినవి 2. మగ్గం వర్క్ అబ్బాయి ఒకటి, ఇంటి నుంచి ఒకటి, ఇవాళ కొట్టు ఎంతవరకూ ఉంటుంది అని 4. అంటే నువ్వు అనుకున్న బాధ ఉంది, కానీ ఆయన రోజంతా అదే బాధ కాదు.

‘అయినా ఎందుకండీ అందరికీ రేపు రేపు అంటారు’ అని నవ్వుతూనే అడిగా. ‘నిజం చెప్తే ఇంకో కొట్టుకి పోతారమ్మా. పది రోజులు పడతాదంటే ఎవరూ గుడ్డ వదలరు. రేపంటే వదుల్తారు, ఆనక తిరుగుతారు. అందరికీ ముహూర్తం ఒక్కటే కదా, నాకు చేతులు రెండే’ అన్నాడు. అప్పుడు నీ యాప్ ఎలా ఉంటుందో ఆయన రసీదు వెనకే పెన్నుతో గీసి చూపించా, కటింగ్, కుట్టు, హుక్స్, రెడీ అని నాలుగు గళ్ళు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ‘బావుందమ్మా. మరి ఇది కూడా రేపు అని చెప్తాదా?’ అన్నాడు.

చెల్లీ, నీ 4.5 లక్షల ప్రశ్న ఇదే. నీకు ‘రేపు’ అబద్ధం, ఆయనకి అది వ్యాపారం. నిజం చూపించే యాప్‌ని నువ్వు ఆయన చేత్తోనే నింపించాలి అనుకుంటున్నావు. రోజుకి పాతిక జాకెట్లు వస్తే, ఒక్కోదానికి నాలుగుసార్లు నొక్కాలంటే వంద నొక్కుళ్ళు, ఆయన చేతిలో చాక్‌పీసు, కత్తెర, ఫోన్ ఏమో మూటల కింద ఎక్కడో మోగుతుంటుంది. పైన రేటింగ్ ఒకటి. అసలు ఆ యాప్ ఆయన ఎందుకు పెట్టుకోవాలి చెప్పు? నీ ఫామ్‌లో నింపిన 62 మందిలో టైలర్లు ఎంతమంది? ఒక్కరూ లేరు అని నేను పందెం కాస్తా.

లేవబోతుంటే గోడ పక్క రాడ్డు మీద కవర్లలో వేలాడుతున్న జాకెట్లు కనపడ్డాయి. ఇవన్నీ ఇవ్వాల్సినవా అంటే, ఇవ్వాల్సినవి కాదమ్మా, అయిపోయినవి, తీసుకెళ్ళట్లేదు అన్నాడు. లెక్కపెట్టాం ఇద్దరం. 47. అందులో కొన్ని పోయిన దసరావి. సగటున 450 వేసుకున్నా 20 వేల పైమాట గోడకి వేలాడుతోంది, లైనింగుకీ హుక్స్‌కీ ఆయన జేబులోంచే పెట్టాడు, కుట్టిన కుర్రాడికి పీసు లెక్కన డబ్బులు ఇచ్చేశాడు. మరి ఫోన్ చెయ్యచ్చు కదా అంటే, ‘నాలుగుసార్లు తిప్పి మళ్ళీ నేనే రమ్మంటే తిడతారు కదమ్మా’ అన్నాడు. చూశావా, తిప్పడం వల్ల విసుగొచ్చి ఐదోసారి రావడం మానేశారు, ఫంక్షన్ అయిపోయింది, ఇంకో జాకెట్టుతో సర్దేసుకున్నారు. నువ్వు చూసిన బాధా ఆయన చూస్తున్న బాధా ఒకే దారం రెండు కొసలు. కస్టమర్‌కి అది కటింగ్‌లో ఉందా మిషన్ మీదుందా అక్కర్లేదు, అయిందా లేదా, ఇంతే. ఆయనకి కావాల్సింది డబ్బు కట్టి పట్టుకెళ్ళమని ఇంకెవరో చెప్పడం, తను తిట్లు తినకుండా.

ఇది వినగానే నాకు ఏమైందో తెలుసా, ఆటోలో ఇంటికొస్తూనే నా బుర్రలో యాప్ మొదలైపోయింది, పేరు కూడా పెట్టేశా. అదే జబ్బు! ఒక్క టైలర్, ఒక్క మధ్యాహ్నం. ఇంకో సందులో ఉన్నాయనకి రాడ్డు ఖాళీగా ఉండచ్చు, సగం డబ్బు ముందే తీసుకుంటాడేమో. గాజువాకలో, గోపాలపట్నంలో ఇళ్ళలో కుట్టే ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళలో చాలామందికి ఆర్డర్లు ఎక్కువై కాదు, తక్కువై బాధ, వాళ్ళు చెప్పిన రోజుకే ఇస్తారు. బొటీక్ వాళ్ళది ఇంకో లోకం, అక్కడ కంప్యూటర్ బిల్లు, తేదీ, ఫోన్ ఎత్తడానికి ఒకమ్మాయి. టైలర్లు అని నువ్వు ఒక్క మాటలో అనేశావు గానీ అది ముగ్గురు వేర్వేరు మనుషులు.

అందుకని ఒక నెల రోజులు శనివారాలు పెట్టుకో. 8 నుంచి 10 కొట్లు, ఒకే ఏరియాలో కాకుండా. పూర్ణా మార్కెట్ వైపు సందుల్లో రెండు, గాజువాకలో రెండు, మధురవాడలో బొటీకులు, ఇళ్ళలో కుట్టేవాళ్ళు ముగ్గురు. చీర ఏదో ఒకటి పట్టుకెళ్ళు, మీవారిని పట్టుకెళ్ళకు (మీవారి మీద కోపం కాదు, ఇద్దరు నిలబడితే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టుంటుంది). నీ ఐడియా చెప్పకు. చెప్పిన మరుక్షణం నుంచి వాళ్ళు నీ మనసు నొప్పించకుండా మాట్లాడటం మొదలెడతారు, ఇంక ఆ మాటలు ఎందుకూ పనికిరావు. నేను చివర్లో రసీదు మీద గీసి చూపించా గదా, అది మొదట్లో చూపించి ఉంటే ఆ రాడ్డు సంగతి బయటకొచ్చేది కాదు. వాళ్ళన్నది అన్నట్టే రాసుకో, ఆ రాత్రే, తెల్లారితే నీ భాషలోకి మారిపోతుంది. ‘ఆర్డర్ మేనేజ్‌మెంట్‌లో సమస్య’ అని రాశావనుకో, చెత్తబుట్టలో వేసెయ్. ‘ఆది జాకెట్టు మారిపోయి ఆవిడ కొట్టుకొచ్చి ఏడ్చింది’ అని రాస్తే దాచుకో.

కుట్టించుకునేవాళ్ళని కూడా ఒక పది పన్నెండు మందిని కలువు, ఫామ్ నింపినవాళ్ళనైనా సరే. కాకపోతే ఆఖరిసారి సంగతి మాత్రమే అడుగు. ఆఖరిసారి జాకెట్టు ఎప్పుడిచ్చారు, ఎప్పుడు ఇస్తానన్నాడు, ఎప్పుడిచ్చాడు, ఎన్నిసార్లు తిరిగారు, ఆ రోజు ఏం కట్టుకున్నారు, మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళారా. ఈ చివరి ప్రశ్న దగ్గర జాగ్రత్తగా విను. ‘వాడు చంపేస్తాడు, కానీ ఫిట్టింగ్ వాడిదే కుదురుతుంది’ అంది అనుకో, అంటే ఆలస్యాన్ని ఆవిడ ఆల్రెడీ క్షమించేసింది, దానికి డబ్బు కట్టదు. అర్జెంటు అని వంద రెండొందలు ఎక్కువిచ్చి కుట్టించుకున్న ఆవిడ ఉందే, ఆవిడ దగ్గర ఇంకో కాఫీ తాగు. టైలర్ని మార్చేసినావిడ దగ్గర కూడా. విసుక్కోవడం అందరూ చేస్తారు, జేబులో చెయ్యి పెట్టినవాళ్ళే లెక్క. విసిగిపోయి రెడీమేడ్ స్ట్రెచ్ జాకెట్లలోకి వెళ్ళిపోయినవాళ్ళు కూడా తగుల్తారు, నీకు పోటీ ఇంకో యాప్ కాదు, అవీ, ఆ నోట్‌బుక్కూ, ఆ గుడ్డముక్కలూ.

మాటలు మళ్ళీ మళ్ళీ అవే వినపడుతున్నాయి, ఎదుటావిడ నోరు తెరవకముందే ఏం చెప్తుందో నీకు తెలిసిపోతోంది అంటే అప్పుడు ఆపచ్చు. మీ టెస్టింగ్ వాళ్ళు 5 మంది చాలు అంటూ ఉంటారు కదా, అది వెబ్‌సైట్లు వాడటం జనానికి సులువా కాదా అని పరీక్షించే జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాసిన మాట, కాకపోతే ఆయన చెప్పింది తయారైన స్క్రీన్లో జనం ఎక్కడ తడబడుతున్నారో పట్టుకోవడానికి. అసలు ఆ వస్తువు ఎవడికైనా కావాలా అని తేల్చడానికి 5 మంది అని ఆయన అన్లేదు. ఈ రెండూ కలిపేసి చాలామంది దెబ్బతిన్నారు.

రెడ్‌బస్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, మన ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగి దొరక్క ఉండిపోయాడు, 2006లో స్నేహితులతో కలిసి కంపెనీ పెట్టాడు. అందరూ ఈ కథని ‘సొంత బాధలోంచి ఐడియా పుట్టింది’ అనే వరకే చెప్పి ఆపేస్తారు, నువ్వూ అక్కడే ఆగావు, చెల్లి పెళ్ళి జాకెట్ల దగ్గర. అక్కడ ప్రయాణికుడికి సీటు దొరక్కపోవడం ఒక కొస అయితే, ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఏ ఏజెంటుకీ పూర్తిగా తెలీకపోవడం, ఖాళీ సీటు అమ్ముడుపోకుండా ఆపరేటర్‌కి నష్టం రావడం ఇంకో కొస. ఆ రెండో కొస ఉంది కాబట్టి అది వ్యాపారం అయింది. నీకు ఆ రెండో కొస బహుశా రాడ్డు మీదుంది, బహుశా లేదు.

ఇక తిరగడం అయ్యాక కూడా డెవలపర్ దగ్గరికి వెళ్ళకు. నువ్వే యాప్‌వి అవ్వు. నవ్వకు, నిజంగానే. 1999లో అమెరికాలో నిక్ స్విన్‌మర్న్ అనే ఆయన ఆన్‌లైన్లో చెప్పులు కొంటారా లేదా చూద్దామని, సరుకు కొనకుండా, దగ్గర్లో ఉన్న చెప్పుల షాపులకి పోయి ఫోటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టాడు, ఎవరైనా ఆర్డరిస్తే అదే షాపుకెళ్ళి పూర్తి ధర ఇచ్చి కొని పార్సిల్ చేసేవాడు. ఒక్కో జతకి నష్టమే. కానీ జనం చూడకుండా తొడుక్కోకుండా చెప్పులు కొంటారు అని గోడౌన్ కట్టకముందే తేలిపోయింది. అదే జాపోస్, 2009లో అమెజాన్ కొనేసింది.

నీ లెక్కలో అది ఎలా ఉంటుందంటే, తిరిగినవాళ్ళలో రాడ్డు నిండుగా ఉన్న ఇద్దరు టైలర్లని పట్టుకో. రోజూ రాత్రి కొట్టు కట్టేముందు ఆయన అయిపోయిన జాకెట్ల నోట్‌బుక్ లైన్లు నీకు ఫోన్లో చదివి చెప్పాలి, అంతే ఆయన పని. నువ్వు కొట్టు పేరు మీద ఒక వాట్సాప్ బిజినెస్ నెంబరు పెట్టి, ‘మీ జాకెట్టు రెడీ అండి, 450, కొట్టు 8 వరకూ ఉంటుంది’ అని చేత్తో టైపు చేసి పంపు, కింద ఆయన యూపీఐ. మూడు వారాలు. ముందే రాడ్డు మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకో, మూడు వారాల తర్వాత మళ్ళీ లెక్కపెట్టు. కొట్టులో మీ జాకెట్టు కబురు వాట్సాప్‌లో పంపమంటారా అని ముందే అడిగించు, అడగకుండా వందమందికి ఒకేసారి పంపావో, జనం బ్లాక్ కొడితే నెంబరే పోవచ్చు, ఆయన పరువూ పోతుంది.

మొదటి వారం ఫ్రీ. రెండో వారం మొదట్లో డబ్బు అడుగు. ఇది నీకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది, ఉద్యోగం చేసుకునే పిల్లవి, టైలర్ దగ్గర 200 అడగడానికి సిగ్గేస్తుంది. అడుగు. ‘నెలకి 200 ఇవ్వండి, ఇది నడిపిస్తా’ అను. జేబులోంచి తీసి ఇచ్చాడా, ఆ 200 మీ 54 మంది కంటే బరువైంది. ‘చూద్దాంలే అమ్మా’ అన్నాడా, పైన రాశాను కదా. బేరమాడి 100 ఇస్తానన్నాడు అంటే మాత్రం సంతోషించు, అక్కర్లేని వస్తువుకి ఎవడూ బేరమాడడు.

ఎక్కడ ఆపెయ్యాలో కూడా ఇప్పుడే, ఏమీ మొదలెట్టకముందే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, మావగారికి కనపడేలా. ఆ ఇద్దరు టైలర్లలో ఒక్కరు కూడా డబ్బు కట్టకపోతే ఆపేస్తాను అనో, రాడ్డు మీదవి సగం కూడా కదలకపోతే ఆపేస్తాను అనో, నీ ఇష్టం, కానీ అంకె ఉండాలి. తర్వాత రాస్తే మనసు అంకెని లాగుతూ ఉంటుంది.

సీజన్ చూసుకో. ఆషాఢంలో మొదలెట్టావో, పెళ్ళిళ్ళుండవు, ఎవరికీ తొందరుండదు, ‘అంతా బానే ఉందే’ అనుకుంటావు. నిజానికి అదే ఆషాఢంలో సేల్‌లో కొన్న చీరలన్నీ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు ఒక్కసారిగా టైలర్ల మీద పడతాయి, అప్పుడు చూస్తే ఊరంతా మంటల్లో ఉన్నట్టు కనపడుతుంది. రెండూ నిజమే, రెండూ సగమే. ఆషాఢం చివర మొదలెట్టి శ్రావణం దాటేవరకూ ఉండు. మూఢం వస్తే ఏమవుతుందో కూడా అడిగి ఉంచుకో, మూడు నెలలు ముహూర్తాల్లేకపోతే ఆ 200 ఎవడు కడతాడు మరి.

ఫోటోతో కొలతలు అన్నావు, అది ఇప్పుడు వద్దు. ఆది జాకెట్టు ఇచ్చినా 2 లూజు వచ్చాయి అని నువ్వే రాశావు.

ఇదంతా అయ్యి, డబ్బు కట్టేవాళ్ళు నిజంగా దొరికితే, అప్పుడు డెవలపర్ దగ్గరికి వెళ్ళు, ఆ నాలుగు గళ్ళ యాప్‌తో కాదు, నువ్వు రోజూ రాత్రి చేత్తో చేసే పనిలో ఏ ముక్క నీకు విసుగొస్తోందో ఆ ఒక్క ముక్క పట్టుకుని. దానికి 4.5 లక్షలు అవ్వదు. ప్లే స్టోర్ ఖాతాకి 25 డాలర్లు, ఒక్కసారే. సొంత పేరు మీద కొత్తగా తెరిస్తే, అందరికీ విడుదల చేసేముందు 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాలని గూగుల్ రూల్ పెట్టింది, ఆ 12 మంది పిన్ని కూతుళ్ళు కాకుండా టైలర్లూ వాళ్ళ కస్టమర్లే అయ్యారంటే సగం పని అయినట్టే. ద్వారకానగర్ అబ్బాయి సగం అడ్వాన్స్ అడగడం తప్పేం కాదు, అది ఆయన వ్యాపారం, అయితే ‘మీరు చెప్పింది చెప్పినట్టు చేసిస్తా’ అనేవాడు నీకిప్పుడు ప్రమాదం, ఎందుకంటే ఏం చెప్పాలో నీకింకా తెలీదు.

శ్రావణం అయ్యాక మళ్ళీ రాయి. రాడ్డు మీద ముందు ఎన్ని, తర్వాత ఎన్ని, డబ్బు కట్టినవాళ్ళు ఎంతమంది, ఈ మూడూ చాలు. నోట్‌బుక్ ఫోటోలు మాత్రం పంపకు, అందులో వాళ్ళ కస్టమర్ల నెంబర్లు ఉంటాయి.